డాక్టరమ్మ మా బడికి వచ్చిన ఏడు

మొన్న గురువారం మధ్యాహ్నం మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, స్కూల్ నర్సు కాల్ చేసింది. చిన్నదాని చేతి మీద ఏదో ప్యాచ్ ఉందట, రింగ్‌వర్మ్ అనుకుంటున్నారు. నేను సిటీలో ఉన్నాను, ట్రెయిన్ పట్టుకుని వచ్చేసరికి లేటవుతుంది. నువ్వు వెళ్లి పికప్ చేస్తావా?" అంది. రింగ్‌వర్మ్ అంటే మన తామరేనని నాకు తెలుసు. అయినా బడి, చేతి మీద మచ్చ అన్న మాటలు ఒక్కసారిగా చెవిన పడేసరికి, తలుపు తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా బయల్దేరాను. నేపర్‌విల్‌ అనే ఈ పరాయిదేశపు ఊళ్లో మేముండే వీధి చివరే ఆ బడి ఉంది, రోజూ వెళ్లే దారే, కానీ ఆ రోజు నడక ఎంతకీ తరగలేదు. తీరా వెళ్లి చూస్తే నర్సమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. మచ్చ మీద పట్టీ వేసింది, పూయవలసిన మందు పేరు చెప్పింది, మర్నాడు మామూలుగానే పంపమంది. మనవరాలు నా ముఖంలోకి చూసి, "అమ్మమ్మా, ఎందుకు స్కేర్డ్? నాకు పెయిన్ లేదు," అని తన వచ్చీరాని తెలుగులో నాకే ధైర్యం చెప్పింది.

నొప్పి లేదనే మాటకు భయపడడం నేను చాలా చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆ సంగతి ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు. మన ఈడు వాళ్లకైతే విడమరిచి చెప్పకపోయినా అర్థమవుతుందన్న ధీమాతో ఇప్పుడు పెడుతున్నాను.

మాది ఏలూరు. కాలవకు అవతల పెంకుల కప్పుతో ఉన్న మునిసిపాలిటీ ఆడపిల్లల బడిలో నేను అయిదో తరగతి చదువుతున్నాను. ఆ రోజుల్లో వైద్యం మన దగ్గరికి ఎలా వచ్చేదో మీకు గుర్తుండే ఉంటుంది. టీకాల వాళ్లు వస్తున్నారని తెలియగానే సగం తరగతి ప్రహరీగోడ దూకేది, మిగిలిన సగం బల్లల కింద దూరేది, పంతులమ్మలు ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని బయటికి లాగేవారు. ఆ మచ్చలు ఈనాటికీ మన దండ చేతుల మీద నాణేల్లా మెరుస్తూ ఉన్నాయి; ఇక్కడ పార్కులో కలిసే మన వైపు ఆడవాళ్లం అప్పుడప్పుడు వాటిని ఒకరికొకరం చూపించుకుని నవ్వుకుంటాం కూడా. ఏడాదికోసారి కళ్లు, పళ్లు, తలలో పేలు చూసే పరీక్ష ఒకటి ఉండేది. దానికి ఎవరూ భయపడేవారు కాదు, ఎందుకంటే ఆ పూట లెక్కల పాఠం ఉండేది కాదు.

ఆ ఏడు మాత్రం కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, మాట నెమ్మది. మమ్మల్ని వసారాలో వెలుగు బాగా పడే వైపు కూర్చోబెట్టి చేతులూ వీపులూ పరీక్షగా చూసింది. నా ఎడమ మోచేతికి పైన వెనక భాగంలో రాగిరంగు మచ్చ ఒకటి ఉందని నాకే తెలియదు. ఆవిడ నన్ను కళ్లు మూసుకోమని, దూదితో ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించమంది. భుజం మీద తాకింది, చూపించాను. ముంజేతి మీద తాకింది, చూపించాను. ఆ తరవాత ఎంతసేపటికీ ఏమీ తగలలేదు. పరీక్ష అయిపోయిందనుకుని నేను ఊరికే కూర్చుంటే, వెనకనున్న నా స్నేహితురాలు గుసగుసగా, "ముట్టుకుంటున్నారే, చెప్పవేం?" అంది. కళ్లు తెరిచి చూస్తే దూది నా చేతి మీదే ఉంది.

డాక్టరమ్మ దూది పక్కన పెట్టి పుస్తకంలో ఏదో రాసుకుంది. నాతోపాటు గజ్జి ఉన్న పిల్లనీ, పిప్పిపళ్ల పిల్లనీ, ఇంకో ఇద్దరు ముగ్గుర్నీ కూడా తల్లుల్ని పిలుచుకు రమ్మంది. అందరినీ ఎందుకు పిలిచిందో చాలా ఏళ్ల తరవాత గానీ నాకు తట్టలేదు. పిలిచింది మా అమ్మనొక్కదాన్నే అయితే సాయంత్రానికల్లా కాలవకు రెండు వైపులా తెలిసిపోయేది.

మా అమ్మకు ఆ జబ్బు ఏమిటో చెప్పనక్కరలేకపోయింది. కుష్టు అనే మాట మా ఇంట్లో పైకి అనేవారు కాదు, పెద్దరోగం అనేవారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఆడపడుచును పెరట్లో పశువుల పాకకు ఆనించి ఒక తాటాకు పంచ దింపి అందులో ఉంచారట. అన్నం విస్తరిలో పెట్టి కర్రతో లోపలికి తోసేవారట. ఆ కథ మా అమ్మ వినే ఉంది. పైగా అప్పుడే మా అక్కకు సంబంధాలు చూస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో నిలబడి అమ్మ, "దీన్ని బడి మాన్పించెయ్యమంటారా డాక్టరమ్మగారూ?" అని అడిగింది.

డాక్టరమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, పరీక్షలో ఊడిపోయిన నా జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. "ఎందుకమ్మా మాన్పించడం? మొదట్లోనే దొరికింది, నయమవుతుంది. పక్కలో పడుకోబెట్టుకోండి, కంచంలో పెట్టుకుని తినిపించండి. మందు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు," అంటూనే మూడు పాయలూ ఒద్దికగా అల్లి రిబ్బను ముడివేసింది. మా అమ్మ ఆవిడ మాటలు ఎంత విన్నదో నాకు తెలియదు గాని, ఆ చేతులకేసి మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడింది.

మాత్రలు ఇంటికి పంపితే నలుగురూ చూస్తారని, వాటిని బళ్లోనే ఇచ్చే ఏర్పాటు చేశారు. రోజూ సుద్దముక్కల డబ్బా తెమ్మని హెడ్మిస్ట్రెస్ గారి గదికి నన్నే పంపేవారు. అక్కడ ఆవిడ మాత్ర, మంచినీళ్ల గ్లాసు ఇచ్చేది. మింగి, డబ్బా తీసుకుని తరగతికి వచ్చేదాన్ని. నాకు ఆ గౌరవం ఎందుకు దక్కిందోనని తరగతిలో అందరికీ కుళ్లు. సెలవుల్లో అమ్మ ఇచ్చేది, బలం మాత్రలని చెప్పి. నాన్నకు సంగతి తెలుసు. ధాన్యం మిల్లులో గుమాస్తా పని చేసి అలిసి వచ్చే ఆయన, అంతకుముందు నా వంక చూసేవారే కాదు, ఇప్పుడు ఇంట్లోకి అడుగు పెడుతూనే, "వేసుకున్నావా?" అనేవారు. ఇంట్లో తెలియనిది మామ్మకూ, అక్కకే.

ఆ వేసవిలో అక్కను చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. వంటింట్లో మామ్మ బజ్జీలు వేస్తూ మూకుడు దింపి పక్కన పెట్టింది. నేను పళ్లెం అందుకోబోయి వంగినప్పుడు మూకుడు అంచు నా చేతి మీది మచ్చకు ఆనింది. నాకు తెలియలేదు. మామ్మ చూసింది. చర్మం కమిలి పొక్కు తేలుతున్నా కిక్కురుమనకుండా పళ్లెం పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, ఆవిడ చేతిలోని గరిటె జారి కింద పడింది. నా వెనకే వచ్చిన అమ్మ వంటింటి తలుపు చేరవేసింది. ముందుగదిలో పెళ్లివారి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మామ్మ ఒక్క కేక పెట్టినా అక్క సంబంధం, నా చదువు, అన్నీ ఆ క్షణంలోనే తేలిపోయేవి.

మామ్మ లేచి, నా చేతి మీద చన్నీళ్లు పోసి, తన పాత చీర చెంగు చింపి కట్టు కట్టింది. "పళ్లెం నువ్వు తీసుకెళ్లవే," అని అమ్మను పంపేసింది. తరవాత నన్ను అడిగింది, "ఆ బలం మాత్రలు దీనికేనా?" అవునన్నాను. ఆవిడ పొయ్యిలోని కట్టెలు వెనక్కి లాగింది. "మా ఆడపడుచుకి ఆ రోజుల్లో ఇలాంటివి లేవే. ఉంటే అదీ మనతోనే కూచుని తినేది," అంది. అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. అక్కకు ఆ సంబంధమే కుదిరింది. ఆ తరవాత నాన్న కంటే ముందు మామ్మే అడిగేది, మాత్ర వేసుకున్నావా అని.

హైస్కూలుకు వచ్చిన రెండో ఏడు కాబోలు, డాక్టరమ్మ అమ్మనూ నన్నూ పాత బడికి పిలిపించి, నన్ను మళ్లీ కళ్లు మూసుకోమంది. అప్పటికి మచ్చ చాలావరకు చర్మంలో కలిసిపోయింది. మోచేతి పైన చీమ పాకినట్టు అనిపించింది. అది నిజంగా చీమేనేమోనని భయపడుతూనే వేలు పెట్టాను. కళ్లు తెరిచాను. డాక్టరమ్మ దూది పట్టుకుని నవ్వుతోంది, మా అమ్మ గుమ్మంలో కూలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మ రిక్షా పిలవడం కూడా మరిచిపోయి, నా చెయ్యి పట్టుకుని కాలవగట్టు పొడవునా నడిపించింది. దారిలో మిఠాయి కొట్టు దగ్గర ఆగి నాకు ఒక పూతరేకు కొనిపెట్టి, తనూ ఒకటి తింది. అమ్మ బజార్లో నిలబడి తినడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మందు ఇంకొంతకాలం వేసుకున్నాక చాలన్నారు. పెళ్లయ్యాక మావారికి చెబితే, "ఇప్పుడు తగ్గిందిగా," అని పేపరు తిరగేశారు. ఇంతకాలం మోసిన భయం అంత చిన్నదైపోయినందుకు నాకు నవ్వొచ్చింది, హాయిగానూ అనిపించింది.

ఇప్పుడు ఆ జబ్బు పేరు చెబితే పిల్లలు ఫోన్‌లో వెతుక్కోవాలి, అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఈ దేశంలో ప్రతిదానికీ అపాయింట్‌మెంట్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, ఎవరి డాక్టరు వాళ్లకు ఉన్నారు, నాకూ ఉన్నారు, మంచివారే. కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో డాక్టర్ని పిలవాలన్న ఆలోచన ఎవరికీ లేదు, ఉన్నా పిలిచే ధైర్యం ఉండేది కాదు, నాకు జబ్బుందని నాకే తెలియదు. ఎవరూ పిలవకుండానే, ఎండలో, దుమ్ములో, ముక్కూ మొహం తెలియని పిల్లల చేతులు ఒక్కొక్కటిగా వెలుగులోకి తిప్పి చూడడానికి ఆ డాక్టరమ్మ వచ్చింది. అలా రావడం ఒకప్పుడు కొందరికి ఉద్యోగంగా ఉండేదంటే, మన తరం వాళ్లకు తప్ప ఇంకెవరికీ నమ్మకం కుదరదేమో.