డోరీన్ ఇచ్చే నంబరు

కెనడాలోని యార్క్‌టన్ ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్లు గోధుమల తేమ చూసి రిటైరైన డోరీన్, రోజూ పొద్దున్నే ఎడమచేత్తో కాఫీ కప్పు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలొక్కదానితో టైపు చేస్తూ, సరదాకి ఇంట్లో పెట్టుకున్న హామ్ రేడియోలో ఊరూరి వాళ్లనీ పలకరిస్తుంది. ఆమె కొట్టిన అక్షరాలు గాలిలో వెళ్లి అవతలివాళ్ల తెరమీద తేలతాయి. అవి ఎంత బాగా అందాయో ఒకరికొకరు మూడంకెల్లో చెప్పుకోవాలి. నిక్షేపంగా అందితే 599. సగం చెదిరిపోయినా మర్యాదకి అందరూ 599 అనే కొడతారు. డోరీన్ మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని, తెరమీదికి వంగి, చెదిరిన అక్షరాలు లెక్కపెట్టి మరీ ఇస్తుంది.

మొన్న ఏప్రిల్‌లో, మూడు మైళ్ల దూరంలో ఉండే లార్న్‌కి 339 ఇచ్చింది. శనివారం రేడియో క్లబ్బు టిఫిన్ల దగ్గర అతను అందరి ముందూ దులిపేశాడు.

"339 ఏంటి? జపాన్ వాడు కూడా 599 ఇచ్చాడు నాకు!"

"జపాన్ సంగతి నాకు తెలీదు లార్న్. నీ పేరే నాకు రెండుసార్లు తప్పుగా వచ్చింది."

"మా ఆవిడ పోయాక నాకున్న సరదా ఇదొక్కటే. అదీ ఓర్వలేవు."

డోరీన్ ముఖం ఎర్రబడింది. అంకె మాత్రం మార్చలేదు.

మరుసటి శనివారం అతను వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇంటికెళ్లి విప్పి చూస్తే, ఏంటెన్నా కేబులు అతుకులో నీళ్లు చేరి, రాగి పచ్చబడిపోయిందట.

"రెండేళ్ల నుంచి ఎంత పిలిచినా చాలామంది పలకడం లేదు. నాతో మాట్లాడ్డం విసుగేమో అనుకున్నాను డోరీన్."

"పిచ్చివాడా, నువ్వు వినపడితేగా పలకడానికి!" అంది డోరీన్.