బావికి తాబేలు అడిగిన టీచర్

జనగామ అంగడిలో ఎండుచేపల గంపల దగ్గరికి రాగానే అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. ఆ ఉప్పు వాసనకు మా సుగుణ టీచర్ కళ్లముందు నిలబడతారు. మొగుళ్లపల్లి రైతుల ఇంటి ఆడబిడ్డ. నెల్లికుదురు బడిలో మాకు సైన్సు చెప్పేవారు.

నేను తండా పిల్లను. ఇంట్లో మాది లంబాడీ మాట. బడిలో నోరు తెరిస్తే తెలుగు తప్పుతుందని, తప్పితే నవ్వుతారని ఎనిమిదో తరగతి దాకా మౌనవ్రతమే. మా నాన్న విసిగిపోయి నా బట్టలు మూటగట్టాడు. అది తెలిసి టీచర్ మా ఇంటికి వచ్చారు. "నోరు తెరవని పిల్లకు సదువెందుకు టీచరమ్మా? వాళ్ల యాడి మిర్చి ఏరబోయింది. దీన్ని గూడ తోల్త," అన్నాడు. యాడి అంటే మా భాషలో అమ్మ. "జర ఆగు అన్నా. పిల్లలను సముద్రం కాడికి తీస్కపోతున్న. ఒచ్చినంక మాట్లాడుదం," అన్నారు టీచర్. నాన్న అయిష్టంగానే తలూపాడు.

మానుకోటలో రైలెక్కి, కోస్తాలో పడవలూ వలలూ తప్ప మరేమీ లేని ఒక చిన్న ఊరు చేరాం. సముద్రపు తాబేళ్లు అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయట. తెల్లవారుతుండగా తాబేలు పిల్లలను నీళ్ల వైపు వదులుతున్నారు. టీచర్ కూడా సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. చీర తడుస్తున్నా పట్టించుకోకుండా, గుడ్లకు కాపలా ఉన్న యువకుణ్ని అడిగారు: "తమ్ముడూ, గిండ్ల ఒకటి నాకియ్యరాదు? మా బాయిల ఏస్త."

మా వైపు బావిలో తాబేలును వదలడం ఉన్నదే. పురుగూ నాచూ తిని నీళ్లు తేటగా ఉంచుతుందని నమ్మకం. చూడ్డానికి వచ్చిన ఆ ఊరి పిల్లలకు అదేం తెలుసు! "బాయిల ఏస్త" అంటూ మా యాసను వెక్కిరించి పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇవి ఉప్పునీళ్ల తాబేళ్లండీ మేడం. బావిలో బతకవు," అన్నాడు ఆ యువకుడు.

"అవునా! సైన్సు చెప్తగని గిది నాకు తెల్వది. ఇయ్యాల నేర్చుకున్న," అని టీచర్ వాళ్లకంటే గట్టిగా నవ్వారు. "మరి ఏం తింటయి? ఎంత పెద్దగైతయి?" అని అదే యాసలో మళ్లీ మొదలుపెట్టారు. వెక్కిరించిన పిల్లలే పోటీపడి జవాబులు చెప్పారు.

అంత పెద్దామె నవ్వులపాలై కూడా హాయిగా ఉంటే నాకేం రోగం అనిపించింది. "ఈటి తల్లి ఏడికి పోయింది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోయిందమ్మా. వీటి కోసం మళ్లీ రాదు."

"మరి ఎట్ల బతుకుతయి?"

టీచర్ నన్ను మెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. "చెప్పు తమ్ముడూ, మా పిల్ల అడుగుతుంది," అన్నారంతే. కొంగుతో మాత్రం కళ్లు ఒత్తుకున్నారు.

తిరిగి రాగానే నేరుగా మా తండాకు వచ్చారు. "నీ బిడ్డ మాట్లాడింది అన్నా, అందరి ముందట," అంటే నాన్న నమ్మలేదు. "నేను పనికి పోను. సదువుకుంట," అన్నాను, టీచర్‌కూ అర్థం కావాలని తెలుగులోనే. నాన్న మూట విప్పి, నా బట్టలు తీసి దండెం మీద వేశాడు.

టీచర్ ఇప్పుడు లేరు. నేనూ సైన్సే చెబుతున్నాను. పిల్లలు నాకు తెలియనిది అడిగితే "గిది నాకు తెల్వది, రేపు తెలుసుకొని చెప్త" అంటాను. ఏ తరగతిలోనైనా నోరు మెదపని పిల్ల ఒకతె ఉండనే ఉంటుంది. ఆమెకు వినపడాలని ఆ మాట కాస్త గట్టిగానే అంటాను.