తాను బొమ్మల డబ్బా

గవర్నర్‌పేటలో మేము అద్దెకున్న లోగిట్లో ఒక రేకుపని సాయిబు ఉండేవాడు. యుద్ధం రోజుల్లో మేము ఊళ్ళో లేని సమయం చూసి అతను మా డబ్బా విప్పాడనీ, అందులోవి కొన్ని తీసుకుని మళ్ళీ మూతకి మాటు వేసి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడనీ ఆ వీధిలో చాలామంది నమ్మారు. ఆ మాట పుట్టించింది నేను. అది ఎలా పుట్టిందో ఇప్పుడైనా రాయాలి.

అప్పుడు నేను టోకు బట్టల కొట్లో గుమాస్తాని. మా పెద్దవాళ్ళు పెడన వైపు మగ్గం మీద బతికినవాళ్ళు. నాకు మాత్రం మిల్లు తానుల మీద అతికించి వచ్చే రంగు బొమ్మలంటే పిచ్చి. అంబారీ మీద రాజు, ఉయ్యాల ఊగే స్త్రీ, పురివిప్పిన నెమలి, చుట్టూ బంగారు పూత అంచు. మూటలు విప్పినప్పుడు ఊడి కింద పడ్డవీ చీపురుకి వచ్చినవీ ఏరుకుని తడిగుడ్డతో తుడిచి దాచుకునేవాణ్ణి. యుద్ధం వచ్చి సీమ సరుకు ఆగిపోయాక కొత్త బొమ్మలు రావడం మానేశాయి. ఉన్నవాటి మీద ప్రేమ పెరిగింది.

ఎన్ని ఉన్నాయో మాత్రం నాకు తెలియదు. కూడబెట్టినదాన్ని మా అమ్మ లెక్కపెట్టనిచ్చేది కాదు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవాళ్ళం. గాదెలో గింజలైనా పెట్టెలో చీరలైనా లెక్కపెడితే తరిగిపోతాయని ఆవిడ నమ్మకం. నాకు ఆ నమ్మకం అంతగా లేకపోయినా అలవాటు మాత్రం పట్టుకుంది. కొట్లో రోజంతా తానులు లెక్కపెట్టేవాణ్ణి ఇంటికొచ్చి నా బొమ్మల దొంతి ఎత్తు చూసుకుని తృప్తిపడేవాణ్ణి.

ఒక ఎండాకాలం సముద్రం వైపు ఊళ్ళ మీద బాంబులు పడ్డాయనీ, రైలు స్టేషను ఉంది కాబట్టి తరువాత బెజవాడేననీ పుకారు లేచింది. జనం పిల్లాపాపలతో పల్లెలకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. మేమూ గన్నవరం అవతల ఉన్న మా అత్తవారి ఊరికి ప్రయాణమయ్యాం. ఒంటెద్దు బండిలో పట్టినంత మాత్రమే తీసుకెళ్ళగలం. మిగతావి ఇనప్పెట్టెలో పెట్టి వెళ్ళే స్తోమతు మాకు లేదు. మాలాంటివాళ్ళకి అందుబాటులో ఉన్నది కిరసనాయిలు డబ్బా. బూడిదతో తోమి, వేణ్ణీళ్ళతో కడిగి, ఎండబెట్టి, సామాను కూరి, పైన రేకుమూతకి తగరం కరిగించి మాటు వేయిస్తే తడీ చెదా లోపలికి పోవు. మా పక్క వాటాలోనే ఉన్న సాయిబుకి ఆ వారమంతా అదే పని.

మేము మూడు డబ్బాలు సర్దాం. ఒకదాంట్లో మా ఆవిడ వెండి భరిణె, గిన్నెలు. రెండో దాంట్లో పాత పంచెలో చుట్టి, వసకొమ్ములు వేసిన పట్టుచీరలు. మూడో దాంట్లో నా బొమ్మలు. పురుగు పట్టకుండా వేపాకు వెయ్యాలి. ఆకుని నీడన గలగలలాడేలా ఆరబెట్టి వెయ్యాలని నాకు తెలుసు. బండి తెల్లవారుజామునే వస్తుందన్న తొందరలో పచ్చి రెమ్మలే దూసి, వరసకీ వరసకీ మధ్య పరుపులా పరిచాను. డబ్బా అంచుకంటా వచ్చింది.

"ఇంత కూరారేంటి గుమాస్తా గారూ, మూత పైకి తన్నుకొస్తంది" అన్నాడు సాయిబు.

"గట్టిగా నొక్కండి సాయిబు గారూ. ఖాళీ ఉంటే బొమ్మలు కదులుతాయి."

"వెండి డబ్బాకి ఇంత జాగ్రత్త చెప్పలేదు మీరు. మా ఇంటిదాన్ని కూడా నేనింత భద్రంగా చూసుకోలేదండీ" అని నవ్వుతూ మోకాలితో అదిమి మాటు వేశాడు.

డబ్బాలు అటకెక్కించాం. ఆ లోగిట్లో వాటాకీ వాటాకీ మధ్య గోడ అటక దాకానే ఉండేది. ఆ పైన పెంకుల కింద అంతా ఒకటే. ఎక్కినవాడు ఎవరి అటక మీదికైనా పోవచ్చు. ఆ సంగతి అంతకుముందు నాకు ఎప్పుడూ తోచలేదు.

వానలు వెనకబట్టాక తిరిగి వచ్చాం. అతనే వచ్చి మూతలు విప్పాడు. వెండి ఉంది. చీరలు మడత చెదరకుండా ఉన్నాయి. బొమ్మల డబ్బా మూత లేచింది. అంచుకంటా ఉండాల్సిన దొంతి బెత్తెడు కిందికి దిగి ఉంది. ఆకులు నల్లబడి అంటుకుపోయి ఉంటే చేత్తో తోసేశాను. కింద కొన్ని బొమ్మల మీద మరకలు. తడిచేత్తో ఎవరో పట్టుకున్నట్టు కనిపించాయి నాకు.

"బాగున్నాయాండీ?" అన్నాడు సాయిబు.

నేను అతని మొహంలోకి చూశాను. అతను వేరే చోటికి చూశాడు. అప్పుడు అతను చూసింది మాటు కరిగించిన కాలిన కడ్డీ ఎక్కడ పెట్టాడా అని. నాకు మాత్రం చూపు తప్పించినట్టే అనిపించింది. "బాగున్నాయి" అన్నాను.

అతను వెళ్ళాక మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"వెండి గిన్నెలు వదిలేసి కాయితాలు ఎత్తుకుపోతాడాండీ ఎవరన్నా?"

"గిన్నె పోతే ఆ క్షణమే తెలుస్తుంది. ఇవి లెక్కలేనివి. తెలివైనవాడు వీటినే తీస్తాడు."

"అంత తెలివైనవాడు రేకులెందుకు అతుకుతాడు?"

"మాటు విప్పి మళ్ళీ వెయ్యగలిగినవాడు ఈ వీధిలో ఇంకెవరున్నారో చెప్పు."

ఆవిడ చెప్పలేకపోయింది. చెప్పలేకపోవడమే రుజువు అనుకున్నాను.

ఆ తరువాత అతని ఇంట్లో జరిగేదంతా నాకు వేరుగా వినిపించసాగింది. సుత్తి చప్పుడు ఆగితే ఏదో దాస్తున్నాడనుకునేవాణ్ణి. నేను వసారాలోకి రాగానే అతని భార్య గోనెపట్టా తెర దించితే, ఆడవాళ్ళ మరుగు కోసం ఎప్పుడూ చేసే పనే అయినా, ఇప్పుడు దానికి కారణం వెతికేవాణ్ణి. సాయిబు గారూ అనడం మానేసి సాయిబూ అనడం మొదలుపెట్టాను. అతను గమనించాడు. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడాన్ని కూడా అతని తప్పుల్లోనే జమకట్టాను.

చివరికి ఉచ్చు పన్నాను. అదే డబ్బాలో బొమ్మల్ని మళ్ళీ సర్ది, ఆరబెట్టే ఓపిక లేక మునుపటిలాగే పచ్చి వేపాకు పరిచి, అంచుకంటా నింపాను. ఈసారి మాటు లేదు. మూత పెట్టి నూలుతాడుతో కట్టి, తెగిన పోగు అతికేటప్పుడు మా నేతవాళ్ళు వేసే ముడి వేశాను. ఆ ముడి విప్పితే మాలో పుట్టినవాడు తప్ప తిరిగి అలాగే వెయ్యలేడు. అటక మీద, అతని వాటాకి దగ్గరగా పెట్టాను.

ఉచ్చు పన్నినవాణ్ణి పడేదాకా ఆగాలి కదా. ఆగలేదు. ఒక సాయంత్రం సాయిబు వసారాలో అమ్మకానికి పెట్టిన రేకుపెట్టె మూత లోపల నెమలి బొమ్మ అతికించి ఉంది. బంగారు అంచుతో సహా.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"బజార్లో దొరికిందండీ. కొట్లముందు ఊడ్చి పారేస్తారు కదా, పాతవి ఇంకా అక్కడక్కడ కనిపిస్తా ఉంటాయి. పెట్టెకి అందంగా ఉంటుందని..."

"ఊడ్చి పారేసినవా, డబ్బాలోంచి తీసినవా?"

అతను చేతిలో పని పక్కన పెట్టాడు. "ఏ డబ్బాలోంచి గుమాస్తా గారూ?"

"నీకు తెలుసు."

పక్క వాటాలవాళ్ళు బయటికి వచ్చారు. అతను అందరి వైపూ చూసి, నా వైపు తిరిగి, మెల్లిగా అన్నాడు: "ఈ మాట లోపలికి పిలిచి అడగాల్సింది మీరు."

నా బొమ్మలు కూడా ఆ చెత్తలోంచి ఏరినవేనని ఆ పూట నాకు గుర్తు రాలేదు. నేరుగా మాకు వాటాలు అద్దెకిచ్చిన ఇంటాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "నేను ముందే అనుకున్నా లేవయ్యా" అన్నాడు. ఎప్పుడు, ఎందుకు అనుకున్నాడో నేనూ అడగలేదు. అన్నిటినీ అనుమానించిన రోజుల్లో అనుమానించాల్సిన ఆ ఒక్క మాటని మాత్రం నమ్మేశాను. నేనే గనక సాయిబుని కాక మా కులం వాణ్ణెవరినైనా అని ఉంటే ఇంటాయన సాక్ష్యం అడిగేవాడు.

ఆ తరువాత మా వీధివాళ్ళు అతని దగ్గరికి డబ్బాలు తేవడం మానేశారు. నెల తిరక్కుండా ఇంటాయన వాటా ఖాళీ చేయించాడు. బండి మీద సామాను ఎక్కిస్తున్నప్పుడు మా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి అతని భార్యతో ఏదో మాట్లాడబోయింది. నేను లోపలికి పిలిచాను.

వాళ్ళు వెళ్ళిపోయి చాలా రోజులయ్యాక అటక దులుపుతూ ఆ డబ్బా దించాను. ముడి నేను వేసినట్టే ఉంది. మూత తీశాను. దొంతి బెత్తెడు కిందికి దిగి ఉంది. ఆకులు కుళ్ళి నల్లగా అణిగిపోయాయి. బొమ్మల మీద కొత్త మరకలు.

మా ఆవిడ డబ్బాలోకి చూసి, నన్ను చూసి, "ఇప్పుడు ఎవరు తీశారండీ?" అంది. గొంతులో వెటకారం లేదు.

అతను కాలవ అవతల ఒక చిన్న కొట్టు పెట్టుకున్నాడని విని వెళ్ళాను. గరాటు అంచు మడుస్తున్నాడు. పని ఆపలేదు. వేపాకు సంగతి చెప్పాను. పొరపాటు నాదేనన్నాను. అంతా విన్నాడు.

"నాతో చెప్తే ఏం లాభమండీ? నేను తియ్యలేదని నాకు తెలుసు కదా. ఎక్కడన్నారో అక్కడ చెప్పండి" అన్నాడు.

ఆ సాయంత్రమే లోగిట్లో చెప్పాను. ఇంటాయన "ఇప్పుడదంతా ఎందుకయ్యా, ఆ వాటాలో కొత్తవాళ్ళు దిగారు" అన్నాడు. ఎదురు వాటా పెద్దావిడ మాత్రం చివరిదాకా విని, నా భుజం తట్టింది. "నీది మెత్తని మనసు నాయనా. పాపం వాడి బతుకు పోయిందని ఇట్టా అంటున్నావు" అంది. పక్కనున్నవాళ్ళు తలలూపారు. అలా అతను దొంగగానే మిగిలాడు. నేను మంచివాణ్ణయ్యాను.

కాదమ్మా, నిజంగానే తియ్యలేదు అని ఇంకోసారి అన్నాను. ఆవిడ ఇంకా జాలిగా నవ్వింది. డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, కుళ్ళిన ఆకు చూపించి ఉండవలసింది. చూపించలేదు. అందరూ మెచ్చుకుంటున్న చోట నిలబడటం సుఖంగా ఉంది. లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.