పదకొండు నెలల మౌనాన్ని ప్రభువు విప్పిన విధం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. నేను పూండి స్టేషను దగ్గర ఆటో నడిపే దాలయ్యను. నా భార్య సుశీల పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. మాకు పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఈ రోజు నిలబడి సాక్ష్యం చెప్పమని మన పాస్టరు అయ్యగారు నెల రోజులుగా అడుగుతుంటే సిగ్గుపడి తప్పించుకు తిరిగాను గానీ, దేవుడు చేసిన మేలు కడుపులో దాచుకోవడం కూడా తప్పేనని ఇప్పుడు మీ ముందుకు వచ్చాను.

పోయిన సంవత్సరం మా ఇంట్లో మనుషులున్నారు గానీ మాట లేదు. ఒక పూట కాదు, ఒక వారం కాదు, పదకొండు నెలలు నా భార్యతో నేను మాట్లాడలేదు, నాతో ఆమె మాట్లాడలేదు. మా పెరట్లో ఒక మేక ఉండేది. సుశీల నాకు అన్నం వడ్డించి మేక వైపు తిరిగి, "అన్నం సల్లారిపోతన్నాదే, తినేవోల్లని తినమను" అనేది. నేను కూడా దాని వైపే తిరిగి, "ఆకలి నేదని సెప్పవే" అనేవాణ్ణి. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు, ఇప్పుడు తలుచుకుంటే మాకూ నవ్వొస్తుంది, కానీ ఆ రోజుల్లో ఇంటి గుమ్మం తొక్కాలంటేనే మనసొప్పేది కాదు. ఉదయం పనికి వెళ్ళేటప్పుడు నా ఆటో ఖాళీగా ఉన్నా ఆమె స్టాండులో అందరి ముందే నన్ను దాటుకుని వెళ్ళి వెనకున్న ఆటో ఎక్కేది. టెక్కలి హాస్టల్లో చదువుకునే మా అమ్మాయి సెలవులకని వచ్చి, రెండో రోజే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది.

గొడవ దేని మీద అంటే, చేపల పులుసు మీద. పులుపు ఎక్కువైందని నేనన్నాను, అయితే నువ్వే వండుకో అని ఆమె అంది, ఇక నీతో మాట్లాడితే ఒట్టు అని నేనన్నాను. పదకొండు నెలలపాటు మా కాపురాన్ని చెడగొట్టింది ఆ చింతపండే అనుకున్నాను. నేనెంత గుడ్డివాణ్ణో వినండి.

సుశీల నాకు మేనత్త కూతురు. మా అత్త, అంటే మా నాన్న సొంత చెల్లెలు, కిడ్నీ జబ్బుతో చివరి సంవత్సరమంతా మా ఇంట్లోనే ఉంది. మన ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, అది తొక్కని గడప తక్కువ. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్‌కి వెళ్ళాలి. నేనే నా ఆటోలో తల్లీకూతుళ్ళిద్దరినీ ఎక్కించుకుని ఆసుపత్రి గేటు దగ్గర దించేవాణ్ణి, బేరం ఉందని చెప్పి వెంటనే బండి తిప్పేసేవాణ్ణి. ఒక్క రోజు కూడా లోపలికి వెళ్ళలేదు. మా అత్త ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ తరువాత పది రోజులకే చేపల పులుసు గొడవ వచ్చింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

ఇలా ఉండగా ఒక శనివారం, "రేపు ఆరాధన అయినాక వచ్చేత్తానన్నా, ఇక అక్కడే ఉండిపోతాను" అని సుశీల కంచిలిలో ఉన్న వాళ్ళ అన్నకు ఫోనులో చెప్పడం విన్నాను. వెళ్ళొద్దు అనడానికి నోరు రాలేదు. ఒట్టు పెట్టుకున్నాను కదా, మగవాణ్ణి కదా. అంత మూర్ఖుణ్ణి.

మరునాడు మందిరంలో ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. పెళ్ళిరోజు వచ్చినవాళ్ళను ముందుకు పిలిచి ప్రార్థన చేయడం మన సంఘంలో అలవాటు. ఆ వారం మా పెళ్ళిరోజు అనే సంగతి మేమిద్దరం మరిచిపోయాం గానీ అయ్యగారి పుస్తకంలో ఉంది. మా పేర్లు చదివారు. చేసేది లేక ఆమె అటునుంచి, నేను ఇటునుంచి వచ్చి, మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత దూరంలో నిలబడ్డాం. ఒకరి చేయి ఒకరు పట్టుకోండి అన్నారు అయ్యగారు. నేను బైబిలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను, ఆమె కొంగు పట్టుకుంది. అయ్యగారు చిన్న ప్రార్థన చేసి పంపేశారు. ఆరాధన ముగిశాక, చేతిలో సంచితో చెప్పులు వేసుకుంటున్న సుశీల దగ్గరకు, ఆమె ప్రయాణం సంగతి విన్న పాస్టరమ్మగారు వచ్చి, "కంచిలి బండి సాయంత్రం కూడా ఉంటాది గానీ, ముందు మా ఇంట్లో అన్నం తిని ఎల్లు, నువ్వూ రా దాలయ్యా" అన్నారు.

మన ఊళ్ళలో ఆలుమగల తగాదా అంటే పెద్దమనుషులు కూర్చోవడం, ఎవరిది తప్పో తేల్చడం, తప్పున్నవాడు తల వంచడం ఉంటుంది కదా. నేను కూడా దానికే సిద్ధమై నా వాదనంతా మనసులో కట్టుకుని వెళ్ళాను. అమ్మగారు భోజనం పెట్టి, మేము చేతులు కడుక్కున్నాక, "తప్పెవలిదో మాకొద్దు. మీ ఇద్దరూ మా ముందు ఒకలి కోసం ఒకలు పేరెట్టి ప్రార్థన సెయ్యండి, సాలు" అన్నారు. ఇంతేనా అనుకుని నేనే ముందు మొదలుపెట్టాను.

"ప్రభువా, సుశీలకి పంతం తగ్గించు తండ్రీ, మొగుడి మాట ఇనే బుద్ధి ఇయ్యి తండ్రీ..."

"ఆగు దాలయ్యా," అన్నారు అయ్యగారు. "ఇది పార్థన కాదురా, పిర్యాదు. ఆమెకి ఏటి కావాలో అది అడుగు."

సరేనని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, సుశీలకి, అన్నాను. తరువాత మాట రాలేదు. సహోదరులారా, నేను అబద్ధం చెప్పడం లేదు, పద్దెనిమిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఏం కావాలో నాకు తెలియలేదు. ఆమెకు ఎక్కడ నొప్పో, దేనికి భయపడుతోందో ఒక్కటీ తెలియలేదు. చివరికి కళ్ళు తెరిచి, పదకొండు నెలల తరువాత, నా భార్య ముఖం చూసి అడిగాను.

"నీ కోసం ఏటి అడగాలే?"

సుశీల తన చేతులు చాపి చూపించింది. జీడి సొనకు వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. "ఏల్లు మండతన్నాయి బావా," అంది. అంతవరకూ ఏడవని మనిషి, బావా అన్న మాట నోట్లోంచి రాగానే ఏడ్చేసింది. ఆ వేళ్ళ కోసం నేను చేసిన ప్రార్థనే నా జీవితంలో మొదటి నిజమైన ప్రార్థన అని నేను నమ్ముతున్నాను.

ఆ సాయంత్రం ఆమె కంచిలి వెళ్ళలేదు. అలాగని అన్నీ ఆ రోజే సర్దుకున్నాయని చెప్తే అది సాక్ష్యం కాదు, గొప్పలు అవుతాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం అయ్యగారింటి వరండాలో కూర్చోవాలన్నారు. అక్కడ ఒక పద్ధతి పెట్టారు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి, "అవును, నానన్నది అదే" అని మొదటివారు ఒప్పుకున్నాకే జవాబు చెప్పాలి. వినడానికి ఎంత తేలిక, చేయడానికి అంత కష్టం. మొదటి గురువారం నేను ఆమె మాటను మూడుసార్లు తప్పు చెప్పాను. రెండో గురువారం అక్కడినుంచి ఇంటికి వచ్చే దారిలోనే పోట్లాడుకున్నాం. ఆ సంగతి అయ్యగారితో చెప్తే ఆయన నవ్వి, "మేకతో కాకుండా మీలో మీరే తగువాడుకున్నారు కదా, దేవునికి స్తోత్రం" అన్నారు.

మూడో గురువారం సుశీల గుండెలోది బయటపెట్టింది. "మాయమ్మ అక్కడ సంవత్సరం పాటు సూదులు పొడిపించుకున్నాది. దాలయ్య లోపలికి రాడేటి అని ప్రతిసారీ అడిగీది. నువ్వొక్క రోజూ రానేదు బావా. మాయమ్మంటే నీకు లెక్క నేదు."

పద్ధతి ప్రకారం అదంతా నేను తిరిగి చెప్పాలి. అత్త నా కోసం ప్రతిసారీ అడిగిందన్న మాటతో సహా చెప్పాను. "అవును, అదే" అంది సుశీల. అప్పుడు నా వంతు వచ్చింది.

"లెక్క నేక కాదు సుశీలా, బయమేసి. మా నాన్న ఇదే జబ్బుతో అలగే మంచం మీద పోయినాడు. అత్తది అచ్చం నాన్న మొకమే కదా. లోపలికొత్తే నాన్న మళ్ళీ సచ్చిపోతాడని బయమేసినాది. మగోణ్ణి, బయమని ఎలా సెప్పను?"

ఇప్పుడు ఆమె తిరిగి చెప్పాలి. "నీకు బయమేసినాది," అంది. నా చేయి పట్టుకుంది, అయ్యగారు పట్టుకోమనలేదు. ఆ రోజు నా మీదినుంచి ఏదో పెద్ద బరువు దిగిపోయింది. దెయ్యం పట్టినవాళ్ళను విడిపించిన దేవుడు ఈ మూగదెయ్యాన్ని కూడా వదిలించాడని నేను ధైర్యంగా చెప్తున్నాను.

ఆ తరువాత నెలకి మా వీధిలో ఒక పెద్దాయనకు డయాలసిస్ మొదలైంది. ఆయన కొడుకులిద్దరూ చెన్నైలో పనిలో ఉన్నారు. ఆటోలో నేనే తీసుకెళ్ళాను. గేటు దగ్గరికి రాగానే అలవాటుగా బండి తిప్పబోయాను. పక్కన సుశీల ఉంది. "నానున్నాను కదా, రా బావా" అంది. లోపలికి వెళ్ళాను. ఆ పెద్దాయన మంచం పక్కన స్టూలు మీద నాలుగు గంటలు కూర్చున్నాను. ఆయన సముద్రం మీద వేటకు వెళ్ళిన రోజుల కథలు చెప్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు అదే నా పరిచర్య.

మేము పోట్లాడుకోవడం మానేశామని అనుకోకండి. ఈ ఉదయం కూడా పోట్లాడుకునే వచ్చాం. కానీ పొద్దు కుంకేలోపు కోపం దించుకోవాలన్న వాక్యం మా ఇంట్లో ఇప్పుడు గోడ మీద కాదు, నోట్లో ఉంది. మీలో ఎవరి ఇంట్లోనైనా మాట ఆగిపోయి ఉంటే సిగ్గుపడకండి. గురువారం మధ్యాహ్నం అయ్యగారి వరండాకి రండి, మేమిద్దరం కూడా అక్కడే ఉంటాం, టీ సుశీల పెడుతుంది. మీ భార్య ఏం చెప్తోందో, మీ భర్త ఏం చెప్తున్నాడో వినే చెవి ఇమ్మని ప్రభువును అడగండి, ఆయన లేదనడు.

ఇంకా చాలా చెప్పాలని ఉంది గానీ, అటు ఆడవారి వైపునుంచి సుశీల ఇక చాలు కూర్చోమని చేత్తో సైగ చేస్తోంది. పూర్వమైతే ఇంకో అరగంట కావాలనే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు కూర్చుంటున్నాను. మహిమంతా దేవునికే.