చాయ్ పోసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

ఆచార్య రాజేశం గారు కన్నుమూశారన్న వార్త వాట్సాప్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. మూలం తెలియని సమాచారాన్ని విశ్వసించరాదని మాకు నేర్పింది ఆయనే. వాళ్లింటికి ఫోన్ చేశాను. ఎత్తినవారు మాట్లాడలేకపోయారు. ధ్రువీకరణకు అంతకంటే ఏం కావాలి?

మా విశ్వవిద్యాలయంలో మనుషుల మీద ఏ పరిశోధన తలపెట్టినా ముందు నైతిక సమీక్షా సంఘం అనుమతి పొందాలి. ఆ సంఘానికి ఆయన సుదీర్ఘకాలం అధ్యక్షులు. తత్ఫలితంగా ఆయన మిత్రబృందం పరిమితంగానే ఉండేది. ఫైళ్లు ఆయన బల్ల మీద నిద్రపోతాయని ఒక అపవాదు. నిజానికవి చాలా త్వరగా తిరిగి వచ్చేవి, ఎర్రసిరాతో.

మరమగ్గాల మీద బతికిన ఇంట్లో పుట్టిన మనిషి. చిన్నతనంలో ఎవరో సర్వేకు వచ్చి అడగరానివన్నీ అడిగితే, వాళ్ల బాపు అన్నింటికీ జవాబు చెప్పాడట. సర్వేవాళ్లు వెళ్లాక సారు వాళ్లమ్మ నిలదీసింది: "ఇంట్ల ముచ్చటంత గట్ల ఎందుకు చెప్పినవయ్యా?" "ఇంటికొచ్చిన మనిషికి లేదని ఎట్ల చెప్తమే?" అన్నాడట బాపు. సారు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా నవ్వేవారు. ఆ నవ్వు మాత్రం కళ్లదాకా వెళ్లేది కాదు.

మరమగ్గాల షెడ్లలో పనిచేసేవారి ఊపిరితిత్తుల మీద నా పరిశోధన. ఒక వాడ వాడంతా తిరిగి, అందరి సమ్మతి సంతకాలతో విజయుడినై సారు దగ్గరికి వచ్చాను.

"ఇంతమందిల ఒక్కరన్న వద్దన్నరా?" అని అడిగారు.

"లేదు సార్. అందరు మంచిగ ఒప్పుకున్నరు. చాయ్ గూడ పోసిండ్రు."

"చాయ్ పోసిండ్రా? అయితే పరేషానే. వారీ, నువ్వు సమ్మతి తేలే. మర్యాద తెచ్చినవు."

మర్నాడు నాతోపాటు ఆ వాడకే వచ్చారు. నాకు సంతకం పెట్టిచ్చినవారిలో ఒకరు, నూలు కండెలు చుట్టే లచ్చవ్వ, మమ్మల్ని కూర్చోబెట్టింది. అవే ప్రశ్నలు సారు మళ్లీ మెల్లగా అడిగి, "నీకు ఇష్టమేనా అవ్వా?" అన్నారు. ఆమె కొంగు సవరించుకుని, "చూద్దం సారు. జర చాయ్ తాగుండ్రి," అంది. సారు చాయ్ తాగి లేచారు.

"ఇగ పా. ఆమె వద్దన్నది."

"ఎప్పుడన్నది సార్? మరి నా థీసిస్?"

"మన దిక్కు మొఖం మీద గింతకంటె గట్టిగ ఎవలంటరు రా? నీ థీసిస్ కోసం ఆమె దగ్గుతలేదు."

నాటినుంచి మాకు అదే నియమం. అడిగి వచ్చేయాలి. ఇష్టమున్నవారు తమంతట తామే కబురు పంపాలి. నా జాబితా సగానికి పడిపోయింది. చదువు మరికొంత కాలం సాగింది. ఆ రోజుల్లో ఆయన పట్ల నాకున్న అభిప్రాయాన్ని ముద్రించడానికి ఈ పత్రిక అంగీకరించదు. అయితే కబురు పంపి పిలిచినవారు మాత్రం తమ దగ్గు గురించి నిజం చెప్పారు.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయన పక్కన ఉన్నాను. ఒక యువ వైద్యురాలు ఏదో పరిశోధన కోసం సమ్మతి పత్రంతో వచ్చింది. "మీరే కాదంటే ఇంకెవరు ఒప్పుకుంటరు సార్?" అంది ఆశగా. జీవితమంతా కాగితం మీద నిర్దాక్షిణ్యంగా 'వద్దు' అని రాసిన మనిషి, ఆ పిల్ల ముఖం చూసి ఆ మాట అనలేకపోయారు.

"చూద్దం బిడ్డా. చాయ్ తాగినవా?"

ఆమె సంబరంగా కలం తీసింది. సారు నావైపు చూశారు. వాళ్ల బాపు కూడా ఆనాడు ఇలాగే ఎవరివైపో చూసి ఉంటాడు.

"డాక్టరమ్మా, సారుకు ఇష్టం లేదు," అన్నాను.

"వద్దనలే కదా అన్నా?"

"అనరు. మంచం కాడికి వచ్చినోళ్లను గూడ చుట్టమే అనుకుంటరు."

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి కలం జేబులో పెట్టుకుంది. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీ వైద్యానికి దీనికి సంబంధం లేదు," అని వెళ్లిపోయింది. మంచి పిల్ల. సారు కళ్లు మూసుకునే అన్నారు: "గిప్పుడైంది రా నీ పీహెచ్‌డీ."

ధర్మపురి దగ్గర ఆయన అస్థికలు గోదావరిలో కలిశాయి. సంతాపసభలో వక్తలు ఆయన్ను మహర్షి అన్నారు, మేరునగమన్నారు. సారు వింటే ఆధారాలు అడిగేవారు. నాకు తెలిసింది ఒక్కటే. నోరు తెరిచి కాదనలేని మనుషుల తరఫున, కోపతాపాలన్నీ తాను మోసి, ఆ మాట తాను అన్నారు. ఆ గురుమూర్తికి సాష్టాంగ ప్రణామం.

నిన్న రిజిస్ట్రార్ గారు మా ఇంటికి వచ్చి, అక్కడే పాఠాలు చెబుతున్న నన్ను, సారు ఉన్న ఆ అధ్యక్ష స్థానం స్వీకరించమన్నారు. ఆ కుర్చీ కొలతా నా కొలతా నాకు తెలుసు. "చూద్దం సార్," అని చాయ్ పోయించాను. ఆయన తాగి, సంతృప్తిగా వెళ్లారు.

నేనేమన్నానో ఆయనకు విడమరిచి చెప్పగల మనిషి ఇప్పుడు లేరు.