మల్లవ్వ కొడుకు

షాద్‌నగర్ బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు ఒళ్లోని ల్యాప్‌టాప్ చూస్తూ పళ్లు కొరుకుతున్నాడు. నేను బళ్లో కంప్యూటర్ పాఠాలు చెబుతానని తెలిశాక మాట కలిపాడు.

"కంప్యూటర్ను నడిపే లినక్స్‌కు డెబియన్ పుట్టింది, డెబియన్‌కు ఉబుంటు. దాన్నుంచి బడిపిల్లల కోసం నేను ఇంకోటి చేసిన సార్. నన్ను కని, గొర్లు కాసి సదివించిన మా అవ్వ పేరు పెట్టిన, మల్లవ్వ అని. మా కంపెనీ ఓనరు గా పేరు తీసేసి, తన పేరు పెట్టుకొని అమ్ముతుండు."

"ఊకున్నవా మరి?"

"దొంగలు గొర్రెకు రంగు మారుస్తరు గని, మేం గుర్తుకు కోసిన చెవి మారదు గద." తన చెవి అంచును వేళ్లతో కత్తిరించినట్టు చూపించాడు. "దీనికి గూడ చెవి కోసిన. ఎవడు పేరు మార్చినా, గా పేరు మల్లవ్వ కింద బిడ్డగా చేరుతది. కంప్యూటర్ల వంశం అని కొట్టి సూడుండ్రి."

ఆ ఏడాదే మా బడికి ఆ ఓనరు పేరుతో అమ్మే సాఫ్ట్‌వేర్ ఉన్న కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ప్రారంభించడానికి ఆ ఓనరే వచ్చాడు. ఊరంతా చూస్తుండగా నేను 'వంశం' అని కొట్టాను. పెద్ద తెర మీద లినక్స్, డెబియన్, ఉబుంటు, మల్లవ్వ వరసగా వచ్చాయి. ఆ కింద, మల్లవ్వ కొడుకుగా, ఆయన పేరు.

"మల్లవ్వ ఎవలు సారూ?" అని ముందు వరసలోని ముసలామె అడిగింది.

నేను మైకు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.