నెహెమ్యా సారు పదిహేడో ప్రశ్న

నెహెమ్యా సారు కంటబడిన మనిషి కాగితం నింపకుండా తప్పించుకున్న దాఖలా మా కోసిగి మండలంలో ఇంతవరకు లేదు. ఆ కాగితం పేరు ప్రశ్నావళి. అందులో ఇరవై ప్రశ్నలు. ప్రతిదాని ఎదుటా రెండు గళ్లు: అవును, కాదు. మధ్యలో ‘ఏమో’ అని ఇంకో గడి పెట్టమని మా హెడ్మాస్టరు వెంకటప్ప సారు సలహా ఇస్తే, “అది పెడితే ఊరంతా దాంట్లోనే దూరుతాది సారూ” అన్నాడు.

మా బడిలో నేనూ టీచరునే, ఆయన నాకు సీనియరు. ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాక, నలభై ఎనిమిదో యేట, ఎడ్యుకేషన్‌లో ఎమ్మే కట్టాడు. ఉద్యోగం మానక్కర్లేదు, తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు, రెండేళ్లలో ముగించినా సరే, అయిదేళ్లు తీసుకున్నా సరే అని ఆ దూరవిద్య వాళ్లు చెప్పారట.

“ఇప్పుడెందుకు సారూ ఈ చదువు?” అని అడిగాను.

“ఇన్నేళ్లూ చెప్పినా కదమ్మా ప్రణీతా. ఎట్ల చెప్పాల్నో ఇప్పుడు నేర్చుకుంటాండా.”

క్లాసులు ఆదివారాలు, ఆదోనిలో. ఆయన భార్య ప్రేమజ్యోతి అక్క చర్చి దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది: “దేవుడు ఆరు దినాలు పని చేసి ఏడో దినం విశ్రాంతి తీసుకున్యాడు. మా ఆయన ఏడో దినం బస్సెక్కుతాడు.”

మూడేళ్లు నిమ్మళంగానే గడిచాయి. నాలుగో యేట పరిశోధన వ్యాసం రాయాల్సి వచ్చింది. మా వైపు వానలు పడక, పైరు చేతికి రాక, సగం ఊరు లారీలెక్కి గుంటూరుకు మిరపకాయ కోతలకు పోతుంది. దాన్నే సుగ్గి అంటాం. సుగ్గికి పోయేవాళ్ల వెంట పిల్లలూ పోయి బడి మానేస్తారు. ఆ పిల్లల చదువే సారు ఎంచుకున్న అంశం. అప్పటి నుంచి మా అందరికీ కష్టకాలం మొదలైంది.

ఆలూరు దారిలో బస్సు చెడిపోతే, అందరూ దిగి తోస్తుంటే, తోస్తున్న చేతులకే కాగితాలు అందించాడు. పెళ్లి బంతిలో కుడి చేయి పప్పన్నంలో ఉన్నవాళ్ల ఎడమ చేతికి పెన్ను ఇచ్చాడు. హెల్మెట్ లేదని ఓ కానిస్టేబులు ఆపితే, బండి కాగితాల కంటే ముందు ప్రశ్నావళి తీశాడు. పాపం ఆ కానిస్టేబులు జీపు బానెట్ మీద పెట్టి నింపి, సంతకం చేసి, “ఇంక నువ్వు పోప్పా సామీ” అని దణ్ణం పెట్టాడు.

నాతో మూడుసార్లు నింపించాడు.

“పోయిన నెలే కదా సారూ ఇచ్చినాను?”

“పోయిన నెల ఉన్న మనసే ఈ నెలా ఉండాదో లేదో చూడల్ల కదమ్మా!”

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలు ఎవరూ చదివేవాళ్లం కాదు. ‘అవును’ గళ్లలో వరసగా టిక్కులు కొట్టి పారిపోయేవాళ్లం. వెంకటప్ప సారైతే స్కేలు పెట్టి ఆ గళ్ల మీదుగా పైనుంచి కిందికి ఒకటే గీత గీసేవాడు.

డిసెంబరు మొదటివారంలో ఈరక్క అనే కూలిమనిషి బడికొచ్చింది. ఆమె కూతురు చౌడేశ్వరి నా అయిదో తరగతిలో లెక్కల్లో అందరికంటే ముందు.

“రేపు లారీ వస్తాది సారూ. పిల్లను తోల్కపోతా,” అంది ఈరక్క.

“పరీక్షల దాంక ఉండనీయక్కా,” అన్నాడు నెహెమ్యా సారు.

“యాడ పెట్టిపోయేది? మాయమ్మ ఉన్నన్నాళ్లు చూసుకునె. ఇప్పుడు నాకెవురుండారు?”

చౌడేశ్వరి సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. ఏడవడం లేదు. నల్లబల్ల మీద సగంలో ఆగిన భాగహారం చూస్తోంది. అది ఏడ్చినా బాగుండేది.

సారు బీరువా తెరిచి, కట్ట విప్పి, మూడు కాగితాలు నా ముందు పెట్టాడు.

“ఇది నీ సంతకమేనామ్మా?”

“నాదే.”

“పదిహేడో ప్రశ్న సదువు.”

చదివాను. ‘సుగ్గికి పోయినవాళ్ల బిడ్డను నాలుగు నెలలు మీ ఇంట్లో పెట్టుకుని బడికి పంపగలరా?’ ఎదుట నా టిక్కు. అవును. మూడు కాగితాల్లోనూ అవును.

“తెలీక పెట్టింటే కొట్టేసి సంతకం చెయ్యమ్మా. నేనేమీ అనుకోను,” అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు.

చౌడేశ్వరి నల్లబల్ల వదిలి నా వైపు చూసింది. పెన్ను మూత పెట్టి, మూడు కాగితాలూ ఆయన వైపు జరిపాను.

వెంకటప్ప సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. “బాగ దొరికినావమ్మా!” ఆ నవ్వు పూర్తి కాకముందే నెహెమ్యా సారు కట్టలోంచి నాలుగో కాగితం లాగాడు. పైనుంచి కిందికి ఒకటే గీత.

ఈరక్క మాత్రం ఊరికే ఒప్పుకోలేదు. మా ఇంటికొచ్చి వంటిల్లు చూసింది, దొడ్డి చూసింది, మా అమ్మ నాగలక్ష్మమ్మను పైనుంచి కింది దాకా చూసింది.

“పుల్లమజ్జిగ పడదు దానికి,” అంది చివరికి.

“నాకూ పడదులే,” అంది మా అమ్మ.

ఆ మాటతో ఇద్దరికీ కుదిరింది. మర్నాడు లారీ కదిలేటప్పుడు ఈరక్క కూతురి జడ గట్టిగా అల్లింది. వారమైనా ఊడకూడదన్నంత గట్టిగా.

పది రోజుల్లో మా బడి నుంచి సుగ్గికి పోవాల్సిన పదకొండు మంది పిల్లలకూ ఇళ్లు దొరికాయి. కాదని కొట్టేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ సారు దణ్ణం పెట్టే వచ్చాడు. ఆ కానిస్టేబులు మాత్రం తనే బడికొచ్చి, “నా పిల్లోడు ఎవుడు సారూ?” అని అడిగాడు. సారు ఇంట్లోనే ముగ్గురు చేరారు. “ఊరందరికీ కాగితం ఇచ్చినాడు. నన్ను మాత్రం అడగనే లేదు!” అని గొణుగుతూ ప్రేమజ్యోతి అక్క వాళ్ల కంచాల్లో ఇంకో సంగటి ముద్ద వేసేది.

ఏప్రిల్‌లో అందరూ పరీక్షలు రాశారు. మే నెలలో సారుకు కర్నూలులో మౌఖిక పరీక్ష. తోడుగా నేనూ వెళ్లాను.

“సుగ్గి వల్ల ఎంతమంది పిల్లలు బడి మానేశారు?” అని అడిగాడు ప్రొఫెసరు.

“ఎవురూ మానలేదు సార్.”

“మరి మీ వ్యాసంలో ఏముందండీ? పరిశోధకుడు చూసి రాయాలి గానీ తనే మధ్యలో దూరకూడదు. ఇది చెల్లదు. వేరే అంశం తీసుకోండి.”

బయటికొచ్చాక నాకే ఏడుపొచ్చింది. “యేడాది కష్టం సారూ!”

“నాకింకా యేడాది గడువుండాది కదమ్మా,” అన్నాడాయన చెరుకురసం గ్లాసు నా చేతికిస్తూ. “ఆ పిల్లోళ్లకు ఎవురిస్తారు గడువు?”

మరుసటి యేడూ కాగితాలు పంచి పిల్లలకు ఇళ్లు చూశాడు గానీ, వ్యాసం మాత్రం ఎవరికీ ఇబ్బంది లేని అంశమేదో రాసి ఆయన పాసయ్యాడు. మేము మిఠాయిలు తిన్నాం. దసరా దాటింది, దీపావళి దాటింది. ఒకరోజు మధ్యాహ్నం వెంకటప్ప సారు స్టాఫు రూములోకి విసురుగా వచ్చాడు.

“ఏమప్పా నెహెమ్యా, ఈ యేడు కాగితం ఇయ్యలేదే?”

“డిగ్రీ వచ్చేసె కద సారూ.”

“డిగ్రీ నీకొచ్చెనప్పా, మాకేమొచ్చె? మా ఇంటామె రోజూ అడుగుతాండాది, పిల్లోళ్లు ఎప్పుడొస్తారని. కాగితం తే.” కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించాడు. “పోయినసారి ఇద్దర్నే ఇచ్చినావు. ఈసారి ముగ్గురు కావల్ల.”